దుకాణంలో బేరం, చాప మీద ముచ్చట

మా ఇంట్లో ఒక ఈతచాప ఉండేది. మామూలు రోజుల్లో చుట్టి అటక మీద పెట్టేవాళ్లం. మా చీరలు కొనే సేటు వస్తున్నాడని కబురొస్తే చాలు, అమ్మ దాన్ని దించి, దులిపి, తడిగుడ్డతో తుడిచి, మగ్గాల గదికీ వంటింటికీ నడుమ పరిచేది. నాయన నెలకు రెండుసార్లు చీరల మూట కట్టుకుని బస్సెక్కి హైదరాబాద్ పోయేవాడు. అక్కడ బేరాలు జరిగేవి, డబ్బులు చేతికొచ్చేవి, అంతా నిజమే. కానీ మా నాలుగు మగ్గాలు నలభై ఏళ్లు ఆగకుండా నడిచాయంటే నేను మాత్రం ఆ చాపకే దండం పెడతాను.

మాది పోచంపల్లి. ఇప్పుడు కాగితాల మీద యాదాద్రి భువనగిరి జిల్లా అని రాస్తున్నారు గానీ, ఏ జిల్లా అని ఎవరడిగినా నా నోటికి నల్లగొండే వస్తుంది. చిటికి, అంటే రంగులో ముంచే ముందు ముడులు కట్టిన నూలు వాసన, రంగునీళ్ల మోరీలు, పొద్దున్నే మొదలయ్యే మగ్గాల చప్పుడు, వీటి మధ్యే పెరిగాను.

సేటు రాజస్థాన్ నుంచి ఎప్పుడో వాళ్ల తాతల కాలంలో హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డ జైనుడు. చీరల దుకాణం. చిన్నప్పుడు నాయన వెంట ఒకట్రెండుసార్లు వెళ్లాను. తెల్లదుప్పటి పరిచిన గద్దె మీద కూర్చుని, చీర మడత విప్పి, కొంగు ఒకసారి, వెనకవైపు ఒకసారి చూసి, "మాల్ బాగుంది, రేటు జర చూడు భాయ్" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. పక్కన ఇంకో నలుగురు నేతగాళ్లు మూటలు పెట్టుకుని కూర్చుని ఉండేవాళ్లు. అందరి చెవులూ ఆ గద్దె వైపే. అలాంటిచోట మనిషి ధర మాట్లాడతాడు గానీ మనసులో మాట చెప్పడు.

ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కొబ్బరిబోండం తప్ప ఏదీ ముట్టలేదు. మా ఇంట్లో ఆదివారం మాంసం వండుతారని ఆయనకు తెలుసు. అమ్మ చిన్నబుచ్చుకోలేదు. వాళ్లు ఏం తింటారు, ఏం తినరు అని నాయనను గుచ్చిగుచ్చి అడిగింది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, భూమిలోపల ఊరేవేవీ తినరు. పొద్దు గూకినాక అసలే తినరు. మరుసటిసారికి కొత్త గిన్నెలు కొని విడిగా పెట్టింది. ఉల్లిగడ్డ లేని పచ్చిపులుసు అంటే మా దగ్గర ఎవరూ ఊహించలేరు. అమ్మ నువ్వులు వేయించి, దంచి, ఆ పొడితోనే రుచి తెచ్చింది. జొన్నరొట్టెలు చేసింది. పొద్దు గూకకముందే, నాలుగు గంటలకు ఆకు వేసింది. సేటు ఎండ వైపు చూశాడు, ఆకు వైపు చూశాడు, ఏమీ అనకుండా చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నాడు.

ఆ రోజు రెండో రొట్టె తుంచుతూ ఆయన చెప్పిన మాట నాకిప్పటికీ జ్ఞాపకం. "వచ్చే సీజన్‌కు ఆ పెద్ద పువ్వు డిజైన్ వేయకు భాయ్. అదే డిజైన్ ప్రింట్ కొట్టి సూరత్ నుంచి దింపుతున్నారు. నీ చీర ధరలో పదోవంతుకు వస్తుంది. దుకాణంలో చెప్తే రేటు పడగొట్టడానికి అంటున్నాననుకుంటావు. అందుకే ఇక్కడ చెప్తున్నా."

నాయన అదే సాయంత్రం వాడలో నలుగురికీ చెప్పాడు. కొందరు నమ్మారు, కొందరు సేట్ల మాటలు ఇట్లనే ఉంటాయన్నారు. ఆ ఏడు చాలా ఇళ్లల్లో మాల్ అమ్ముడుపోక మిగిలింది. మా ఇంట్లో మగ్గాల మీద వేరే డిజైన్ ఉంది. అప్పటినుంచి ప్రతి దీపావళికీ నాయన అమ్మ చేసిన అరిసెల డబ్బా పట్టుకుని హైదరాబాద్ పోయేవాడు. ఆ రోజు వాళ్లు లక్ష్మీపూజ చేసి కొత్త ఖాతా పుస్తకాలు తెరుస్తారు. ఆ పూజకు పిలుపు రావడాన్ని నాయన ఎంత పెద్ద ఆర్డర్ కన్నా గొప్పగా చెప్పుకునేవాడు. నిజంగానే గొప్ప. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఉద్దెర గురించి వాళ్లిద్దరి మధ్య ఒక్క కాగితం రాసుకోలేదు.

ఎనభైల చివర్లో ఒక జపాన్ ఆవిడ మా ఇంటికొచ్చింది. నేను తొమ్మిదో తరగతి. జపాన్‌లోనూ మనలాగే నూలును ముందు ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారట. వాళ్లు దాన్ని కసూరి అంటారు. ప్రపంచమంతా ఇకత్ అంటున్న మాట ఇండోనేషియా వాళ్లది, దానికీ కట్టడమనే అర్థం. మనం చిటికి అంటాం. మూడు దేశాల్లోనూ ఒకే ముడి కడతారని నాకు ఆ రోజే తెలిసింది.

ఆవిడ వెంట హైదరాబాద్ నుంచి ఒక దుబాసీ వచ్చాడు. చాప మీద నాయన, చేనేత సొసైటీ పెద్దమనుషులు ఇద్దరు, దుబాసీ, ఆవిడ కూర్చున్నారు. ఆవిడ తెచ్చిన కానుక ఒక చదరపు గుడ్డలో మూటకట్టి ఉంది, అచ్చం మన మూటలాగే. రెండు చేతులతో ఇచ్చింది. నాయన మూట విప్పి లోపలి డబ్బా పక్కన పెట్టి, ఆ గుడ్డను బొటనవేలు, చూపుడువేలు నడుమ పట్టుకుని రుద్ది చూశాడు. నేతగాడి చెయ్యి, ఊరుకోదు. వాళ్ల పద్ధతిలో మూటగుడ్డ తెచ్చినవాళ్లు తిరిగి తీసుకుపోతారట, అది నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆవిడ నాయన వేళ్లనే చూసింది. పోయేటప్పుడు గుడ్డ అడగలేదు.

అసలు సంగతి చాప మీద జరగలేదు. ఆవిడ చేతులు కడుక్కోవడానికి పెరటి వైపు వెళ్లింది. అక్కడ వసారాలో అమ్మ ఆసు పోస్తోంది. ఆసు చూడనివాళ్లకు చెప్పాలంటే, అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రం, ఎదురుగా ఒక మేకు. దారాన్ని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. మగ్గం మీద మగవాళ్లు కూర్చుంటే చూడటానికి జనం వస్తారు, ఫొటోలు తీస్తారు. ఆసు పోసే ఆడవాళ్లు ఇంటి వెనకే ఉండేవాళ్లు.

ఆవిడ అమ్మ పక్కన నేలమీద కూర్చుంది. కాసేపు చూసి, తను కూడా పోస్తానని సైగ చేసింది. అమ్మ నవ్వి దారం చేతికిచ్చింది. ఒక యాభై, అరవై సార్లు తిప్పిందేమో, భుజం పట్టుకుంది. దుబాసీ ముందుగదిలో ఉన్నాడు. నాకొచ్చిన బడి ఇంగ్లీషుతో నేను మధ్యలో నిలబడ్డాను. "నొప్పి లేదా అని అడుగుతోందే అమ్మా" అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. ఆవిడతోనే చెప్పింది. "రాత్రయితే ఈ రెక్క పైకి లేవదు బిడ్డా. కడివెడు నీళ్లు గూడ ఎత్తలేను. ఎడమచెయ్యితోనే అన్నం వార్త."

ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చడానికి నాకు చాలాసేపు పట్టింది. మాటలు రాక కాదు. పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లోనే తిరుగుతున్నాను, అమ్మ ఎడమచేత్తో గంజి వారుస్తుంటే రోజూ చూస్తున్నాను. ఎందుకని ఒక్కసారి అడగలేదు.

తర్వాత అమ్మ ఆవిడకు మక్కగారెలు పెట్టింది. ఇద్దరూ ఆసు పక్కనే కూర్చుని తిన్నారు. నన్ను కూడా వెళ్లిపొమ్మంది. ఏ భాషలో మాట్లాడుకున్నారో తెలియదు గానీ, నవ్వులు ముందుగదిలోకి వినిపించాయి.

మళ్లీ చాప మీదికి వచ్చాక ధర మాట వచ్చింది. నాయన లెక్క చెప్పాడు. నూలు ఇంత, రంగు ఇంత, చిటికి కూలి ఇంత, నేత కూలి ఇంత. ఆవిడ అన్నీ రాసుకుని దుబాసీతో ఒక మాట అడిగించింది. ఆసు కూలి ఎక్కడుంది అని. నాయన "అది ఇంటి పని గద" అన్నాడు. అని, ఆగిపోయాడు. పెద్దమనుషులిద్దరూ కూడా మాట్లాడలేదు. ఆవిడ తన కాగితం మీద ఒక గీత గీసి, దాన్ని ఖాళీగా ఉంచి, నాయన ముందు పెట్టింది.

ఆ ఏటి ఖాతా పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నూలు, రంగు, చిటికి, నేత అనే నాలుగు వరసల పక్కన, నాయన చేతిరాతతో, కొంచెం ఇరికించి రాసిన ఐదో వరస ఉంటుంది: ఆసు. ఇంటావిడకు కూలి కట్టడమేంటని వాడలో కొందరు నవ్వారు. నాయన పట్టించుకోలేదు. తర్వాత 1999లో మన ఆలేరు దిక్కు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టి దానికి వాళ్లమ్మ పేరు లక్ష్మి అని పెట్టినప్పుడు, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చినప్పుడు, మా అమ్మ రెండుసార్లూ కొబ్బరికాయ కొట్టింది. వాళ్లమ్మ రెక్క నొప్పి చూడలేకే ఆయన ఏళ్ల తరబడి ఆ యంత్రం వెంట పడ్డాడు. నేను చూసి కూడా అడగనివాణ్ని. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

చదువయ్యాక హైదరాబాద్‌లో చేనేత ఎగుమతి చేసే ఒక ఆఫీసులో చేరాను. తొంభైల చివర్లో జపాన్ పంపించారు, కురుమె అనే ఊరికి. కసూరి నేతకు పేరుమోసిన చోటు. రెండు వందల ఏళ్ల కిందట ఇనౌయె డెన్ అనే పన్నెండేళ్ల పిల్ల, పాతబట్ట మీద రంగు వెలిసిన మచ్చలు చూసి, ఆ బట్టను పోగుపోగుగా విప్పి, అక్కడి నేతకు దారి కనిపెట్టిందని చెప్తారు. ఆ కథ విన్నప్పుడు మా వాడ పిల్లలే గుర్తొచ్చారు.

మీటింగ్‌లో మా బట్టల నమూనాలు చూపించాను. ప్రతి మాటకూ వాళ్లు "హై, హై" అని తల ఊపారు. హై అంటే అవును అని పుస్తకంలో చదివాను. ఆర్డర్ ఖాయమనుకుని ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి, మగ్గాల మీద వార్పులు, అంటే పడుగులు ఎక్కించమని నాయనకు చెప్పాను. అక్కడ హై అంటే చాలాసార్లు "వింటున్నాను, చెప్పండి" అని మాత్రమే అర్థం. ఆర్డర్ రాలేదు. మూడు వార్పుల బట్ట ఇంట్లో మిగిలిపోయింది. నాయన ఒక్క మాట అనలేదు గానీ, ఆ టెన్షన్‌లో నేను నెలరోజులు ఇంటికి పోలేదు.

మరుసటేడు మళ్లీ వెళ్లాను. ఈసారి మీటింగ్ అయ్యాక వాళ్లు చిన్న హోటల్‌కు తీసుకుపోయారు. కింద కూర్చుని తినే చోటు. చెప్పులు విప్పి చాప మీద కాలు పెట్టగానే నాకు సగం భయం పోయింది. అక్కడ ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు, పక్కవాడి గ్లాసు ఖాళీ కాకుండా చూడటం మర్యాద. మా నాయన కూడా దావత్‌లో అదే అనేవాడు: "తన ఇస్తరాకుల తానే వడ్డించుకునేటోడు దావత్ చేసినట్టు గాదు." నేను పెద్దాయన గ్లాసు నింపుతూ పోయాను, ఆయన నాది నింపుతూ పోయాడు. చాలాసేపటికి ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. మీ ఎరుపు దిగుతోంది. ఆవిరి ఇస్త్రీ పెడితే తెలుపులోకి పాకుతోంది. పోయినసారి మీ మేనేజర్ పక్కనే ఉన్నాడు, ఆయన ముందు మీ ఇంటి బట్టకు వంక పెట్టడం మాకు మర్యాద అనిపించలేదు.

నాకు సేటు జొన్నరొట్టె తుంచిన చెయ్యి కళ్లముందు కనబడింది. అదే మాట, వేరే నోటినుంచి. దుకాణంలోనో మీటింగ్‌లోనో నలుగురి ముందు చెప్పలేని తప్పును, ఎదుటివాడి పరువు పోకుండా చెప్పడానికి మనుషులు ఒక చాప వెతుక్కుంటారు. ఊరికి రాగానే నాయనా నేనూ రంగు పనివాళ్లతో కూర్చుని ఎరుపు సంగతి తేల్చాం. ఆ పై ఏడు ఆర్డర్ వచ్చింది.

దుబాయ్‌లో కూడా ఒకసారి ఇలాగే జరిగింది. దేరా బజార్లో ముసలి బట్టల వ్యాపారి చిన్న గిన్నెలో కాఫీ పోస్తూనే ఉన్నాడు. గిన్నెను ఊపితే చాలు అని అర్థమట, నేను ఊపకపోయేసరికి ఆయన పోస్తూనే ఉన్నాడు, నేను తాగుతూనే ఉన్నాను. అలా కూర్చోబట్టే మా తాత తేలియా రుమాళ్లు నేసేవాడని చెప్పగలిగాను. నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టిన నూలుతో నేసే రుమాళ్లవి. ఎర్రటి ఎండలో తల చల్లగా ఉండేందుకు ఒకప్పుడు అరబ్ దేశాలకు ఓడల్లో పోయేవి. ముసలాయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని, గట్టిగా గాలి పీల్చి, తన తండ్రి తలగుడ్డ వాసన అని చూపించాడు. బేరం ఆ రోజు చేయలేదు, మరునాడు చేశాం.

దేశాల మధ్య కూడా ఇంతేనేమో అనిపిస్తుంది. 1971లో జపాన్‌లోని నగోయాలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు. అమెరికా, చైనాల మధ్య ఇరవై ఏళ్లకు పైగా దౌత్య సంబంధాలు లేవు. గ్లెన్ కోవన్ అనే అమెరికా కుర్రాడు చైనా ఆటగాళ్ల బస్సు ఎక్కాడు. బస్సంతా చాలాసేపు నిశ్శబ్దం. వెనకనుంచి జువాంగ్ జెడాంగ్ అనే చైనా ఆటగాడు లేచి వచ్చి పలకరించి, హువాంగ్‌షాన్ కొండల బొమ్మ ఉన్న పట్టుగుడ్డ ఒకటి చేతిలో పెట్టాడు. కొద్దిరోజులకే అమెరికా జట్టు చైనాలో అడుగుపెట్టింది. మరుసటేడు ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ వెళ్లాడు. రాయబారులు వేయలేని అడుగు ఒక పట్టుగుడ్డ వేసిందని చదివినప్పుడు నేతగాడి కొడుకుగా నా ఒళ్లు పులకరించింది.

అంత దూరం ఎందుకు, మా ఊరి సంగతే ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఏ సర్కారు కాగితమూ లేదు. ఊరి దళితులతో కూర్చుని ఏం కావాలని అడిగాడు. నలభై కుటుంబాలకు 80 ఎకరాలు ఉంటే బతుకుతామన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూమి కోసం ఊళ్లకు ఊళ్లు రగులుతున్న రోజులవి. అట్లాంటి రోజుల్లో అడిగినవాళ్లూ, ఇచ్చినవాడూ ఒకేచోట కూర్చున్నారు. మా పెద్దలు ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా ఎకరాల లెక్క కన్నా ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పేవాళ్లు.

దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి, పాలోళ్ల పగ కూడా పక్కన పెట్టి అలయ్ బలయ్ తీసుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. బండారు దత్తాత్రేయ 2005 నుంచి హైదరాబాద్‌లో అదే పేరుతో అన్ని పార్టీలవాళ్లనూ ఒకచోటికి పిలుస్తున్నారు. టీవీల్లో పొద్దంతా తిట్టుకునేవాళ్లు అక్కడ ఒకే వరసలో నిలబడి తింటుంటే నాకు తృప్తిగా ఉంటుంది.

అన్ని దావత్‌లూ మంచివని మాత్రం అనను. ఒక దళారి మా వాడ నేతగాళ్లకు యాటకూర, సీసాలతో పెద్ద దావత్ ఇచ్చి, ఆ మత్తులోనే కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఏడాది చీరలు అతను చెప్పిన ధరకే పోయాయి. నాయన ఆ రోజు పోలేదు. ఎందుకు పోలేదే అని అడిగితే, "వాడు మనల్ని పిలిచిండు గానీ, మన ఇంట్ల ఎన్నడూ గుక్కెడు నీళ్లు తాగలే" అన్నాడు. పిలవడమే కాదు, పిలిస్తే రావడం కూడా తెలిసిన మనిషేనా అని చూసేవాడు.

ఇప్పుడు మా ఊరికి టూరిస్టు బస్సులు వస్తున్నాయి. 2005లో పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామం పేరు వచ్చాయి. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలు కూడా వచ్చి మగ్గాలు చూసి పోయారు. సంతోషమే. కానీ ఎక్కువమంది గంటలో వచ్చి గంటలో పోతారు. వసారా దాకా వచ్చి కూర్చునేవాళ్లు తక్కువ.

నాయన పోయి ఏడేళ్లయింది. సేటు అంతకు ముందే పోయాడు. మగ్గాల పని ఇప్పుడు మా తమ్ముడి కొడుకు చూస్తున్నాడు, అమ్మకమంతా ఫోన్‌లోనే. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు బెంగళూరు అమ్మాయి ఒకామె వీడియో కాల్‌లో ఉంది. దుకాణం నడుపుతుందట. ఇరవై చీరలు చూసింది, ధర దగ్గర ఆగిపోయింది. మావాడు తగ్గనంటాడు, ఆమె పెంచనంటుంది. ఇద్దరి గొంతుల్లోనూ విసుగు మొదలైంది.

మంచం మీద పడుకున్న అమ్మ తల ఎత్తింది. "ముందుగాల అన్నం తిన్నదో లేదో అడుగురా" అంది.

వాడు మొహమాటపడుతూనే అడిగాడు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ అమ్మాయి కన్నడం కలిసిన తెలుగులో, లేదండీ, పొద్దుటినుంచి ఏమీ తినలేదు అంది. పెద్ద ఆర్డర్ తీసుకున్నవాళ్లు ఆర్నెల్లుగా డబ్బు ఇవ్వలేదట, అందుకే ప్రతి చీర దగ్గరా ఇలా పట్టుబట్టాల్సి వస్తోందట. మావాడు నా వైపు చూశాడు. ఇరవై చీరలు ఒక్కసారే కాకుండా ఐదైదుగా పంపుతాననీ, ధర మార్చననీ, డబ్బు మెల్లగా ఇవ్వమనీ చెప్పాడు.

అప్పటికే అమ్మ చెయ్యి చాచింది, ఎడమచెయ్యి. వాడు ఫోన్ ఇచ్చాడు. కళ్లకు బాగా దగ్గరగా పెట్టుకుని, తెరలో ఆ పిల్ల ముఖం వెతుక్కుంటూ అడిగింది.

"ఇంట్ల ఏం కూరలున్నయ్ బిడ్డా?"